వైద్యం, బిల్లు, వైద్యుడు: ఆసుపత్రుల ప్రైవేటీకరణలో మన సమాజం

(ఆరోగ్య హక్కుపై జరిగిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



మైనారిటీ హక్కుల సభలలో సాధారణంగా రిజర్వేషన్ల గురించి, వక్ఫ్ ఆస్తుల గురించి, విద్య గురించి, భద్రత గురించి మాట్లాడుకుంటాము. అవన్నీ అవసరమే. అయితే ఆసుపత్రి బిల్లు మన హక్కుల జాబితాలోకి ఇంతవరకు రాలేదు. దానిని ఒక్కొక్క కుటుంబానికి వచ్చిపడిన దురదృష్టంగానే చూస్తున్నాము. రంజాన్ మాసం దగ్గరపడగానే జకాత్ కోసం వచ్చే విన్నపాలను గమనించండి. డయాలసిస్, గుండె ఆపరేషను, క్యాన్సర్ చికిత్స, నెలలు నిండకుండా పుట్టి అద్దాల పెట్టెలో ఉన్న బిడ్డ. జుమా నమాజు ముగిసిన తర్వాత మసీదు గుమ్మం వద్ద చేయి చాచి నిలబడుతున్నవారిలో వృత్తి భిక్షకులు కానివారు ఎందరో ఉన్నారు. నిన్నటి వరకు మెకానిక్ షెడ్డు నడుపుకున్నవాడు, కుట్టుమిషను మీద ఇల్లు గడిపిన తల్లి, ఆటో తోలుకునే యువకుడు ఆ వరుసలో ఉంటున్నారు. ఒక తరం కష్టపడి కూడబెట్టినది పది రోజుల ఆసుపత్రి వాసంలో కరిగిపోతున్నది. ఇది ఒక్క కుటుంబపు దురదృష్టం కాదు. దీని వెనుక ఒక విధానం ఉన్నది. ఆ విధానం బిల్లును ఎలా మార్చింది, వైద్యుణ్ణి ఎలా మార్చింది, అందులో మన సమాజం ఎక్కడ నిలిచి ఉన్నది అనే మూడు విషయాలను ఈ రోజు మీ ముందు ఉంచదలచాము.

ధర్మాసుపత్రి నుండి కార్పొరేటు ఆసుపత్రికి

మన ప్రాంతంలో సామాన్యులు ప్రభుత్వ ఆసుపత్రిని చాలాకాలం ధర్మాసుపత్రి అనే పిలిచారు. ఆ పేరులోనే ఒక భావన ఉన్నది. రోగికి చికిత్స చేయడం పాలకుని బాధ్యత, అది అమ్ముకునే సరుకు కాదు అన్నదే ఆ భావన. మూసీ ఒడ్డున ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో కట్టిన ఉస్మానియా ఆసుపత్రి 1925లో సిద్ధమైనది. నీలోఫర్ ఆసుపత్రి 1953లో తల్లీబిడ్డల కోసం తలుపులు తెరిచినది. చార్మినార్ పక్కనే యునానీ ఆసుపత్రి నేటికీ నిలిచి ఉన్నది. వీటిలో ఏ ఒక్కటీ మతం అడిగి, జేబు చూసి చికిత్స చేయలేదు.

1983లో మద్రాసులో అపోలో ఆసుపత్రి ప్రారంభమైనది. 1988లో అదే సంస్థ హైదరాబాదు జూబ్లీహిల్స్‌కు వచ్చినది. తర్వాతి మూడున్నర దశాబ్దాలలో హైదరాబాదు కార్పొరేటు వైద్యానికి దేశంలోనే ఒక ప్రధాన కేంద్రమైనది. విజయవాడ, విశాఖపట్నం, గుంటూరు, నెల్లూరు, కర్నూలు కూడా అదే బాట పట్టాయి. ఈ ఆసుపత్రులు అంతకుముందు మన వద్ద లేని చికిత్సలను తెచ్చాయి. ఆ మాట ఒప్పుకోవడం న్యాయం. అయితే ప్రైవేటు ఆసుపత్రి రావడం వేరు, ప్రభుత్వ ఆసుపత్రి తప్పుకోవడం వేరు. మన అభ్యంతరం రెండవదాని గురించి.

ప్రైవేటీకరణ అనగానే ప్రభుత్వ ఆసుపత్రిని వేలం వేయడం మాత్రమే గుర్తుకు వస్తుంది. అది వేర్వేరు దారులలో నడుస్తున్నది. మొదటి దారి నిర్లక్ష్యం. 2020 జులైలో వర్షాలకు మురుగునీరు ఉస్మానియా పాత భవనపు వార్డులలోకి చేరింది. రోగులను తరలించి ఆ భవనాన్ని మూసివేశారు. గోషామహల్‌లో కొత్త భవనానికి శంకుస్థాపన 2025 జనవరిలో జరిగినది. మధ్యలో గడచిన నాలుగున్నర సంవత్సరాలు పాతబస్తీ పేదలు కిక్కిరిసిన వార్డులలో సర్దుకున్నారు, లేదా అప్పు చేసి ప్రైవేటుకు వెళ్లారు. ప్రభుత్వ ఆసుపత్రిలో స్కానింగ్ యంత్రం చెడిపోయిన ప్రతి రోజూ ఎదురు వీధిలోని ప్రైవేటు కేంద్రానికి ఆదాయమే.

రెండవ దారి ప్రజాధనంతో ప్రైవేటు వైద్యాన్ని కొనడం. మూడవ దారి ప్రభుత్వం కట్టినదానిని పీపీపీ పేరుతో అప్పగించడం. ఆంధ్రప్రదేశ్‌లో కొత్తగా తలపెట్టిన 17 ప్రభుత్వ వైద్య కళాశాలలలో 10 కళాశాలలను పీపీపీ పద్ధతిలో నడపాలని ప్రభుత్వం 2025 సెప్టెంబరులో నిర్ణయించింది. మొదటి విడతకు ఎంచుకున్నవి ఆదోని, మదనపల్లె, మార్కాపురం, పులివెందుల. ఆదోని, మదనపల్లె పట్టణాలలో ముస్లిములు ఎంత పెద్ద సంఖ్యలో నివసిస్తున్నారో ఈ సభలోని వారికి చెప్పనక్కరలేదు. వైద్య కళాశాల అంటే చదువు మాత్రమే కాదు. దానికి అనుబంధంగా ఉండే బోధనాసుపత్రే ఆ ప్రాంతపు పేదలకు పెద్ద దిక్కు. కనుక అక్కడ పడకలు ఎవరి అధీనంలో ఉంటాయి, ఓపీ చీటీ ఎంత, పథకం వర్తించని జబ్బుకు ఎవరు చెల్లించాలి అన్నవి మనకు రాజకీయ పక్షాల వాదులాటలు కావు. అవి మన బ్రతుకు ప్రశ్నలు.

బిల్లు ఎలా తయారవుతున్నది

జాతీయ నమూనా సర్వే 2017-18లో సేకరించిన వివరాల ప్రకారం ప్రసవాలను మినహాయిస్తే ఒకసారి ఆసుపత్రిలో చేరినందుకు అయ్యే సగటు ఖర్చు ప్రభుత్వ ఆసుపత్రిలో 4,452 రూపాయలు, ప్రైవేటు ఆసుపత్రిలో 31,845 రూపాయలు. అంటే ఏడు రెట్లు. ఇది చిన్న నర్సింగ్ హోములను, పెద్ద కార్పొరేటు ఆసుపత్రులను కలిపి చూసిన దేశవ్యాప్త సగటు. నగరపు పెద్ద ఆసుపత్రిలో ఐసీయూ వరకు వెళ్లిన కుటుంబానికి ఈ అంకె ఒకటి రెండు రోజులకు కూడా చాలదు.

ఆ సొమ్ము ఎక్కడికి పోతున్నది? చాలామంది డాక్టరు ఫీజుకు పోతున్నదని అనుకుంటారు. 2017లో గురుగ్రామ్‌లో డెంగీతో మరణించిన ఒక బాలిక తల్లిదండ్రులకు సుమారు 16 లక్షల రూపాయల బిల్లు ఇచ్చిన ఉదంతం దేశాన్ని కదిలించింది. ఆ తర్వాత జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ ఢిల్లీ పరిసరాలలోని నాలుగు ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులను పరిశీలించి 2018 ఫిబ్రవరిలో వివరాలు వెల్లడించింది. మందులు, సిరంజీలు, గ్లౌజుల వంటి సామగ్రి, పరికరాలు కలిపి బిల్లులో దాదాపు సగం ఉన్నాయి. కొన్ని వస్తువులపై లాభం 1,700 శాతం దాటింది. తయారీదారు నుండి తక్కువ ధరకు కొని, అట్టమీద ముద్రించిన గరిష్ఠ ధరకు రోగికి అమ్ముతున్నారు. గరిష్ఠ ధరకు అమ్మడం చట్టవిరుద్ధం కాదు. ఆ గరిష్ఠ ధరను అంత ఎత్తున ముద్రించమని కోరేదే ఆసుపత్రి కొనుగోలు విభాగం అయినప్పుడు చట్టం ఎవరిని కాపాడుతున్నది?

ధర తగ్గించడం సాధ్యమేనన్నదానికి స్టెంటు కథే సాక్ష్యం. 1990లలో మన హైదరాబాదులోనే డాక్టర్ ఏపీజే అబ్దుల్ కలాం, హృద్రోగ నిపుణుడు డాక్టర్ సోమరాజు కలిసి తక్కువ ధర స్టెంటును రూపొందించారు. రక్షణ రంగపు విజ్ఞానం పేదవాని గుండెకు ఉపయోగపడాలన్నది వారి తలంపు. అయినప్పటికీ ఆ తర్వాతి కాలంలో మందు పూత ఉన్న స్టెంట్లు లక్ష రూపాయలు దాటి అమ్ముడుపోయాయి. 2017 ఫిబ్రవరిలో ప్రభుత్వం వాటి గరిష్ఠ ధరను 29,600 రూపాయలుగా, మామూలు స్టెంటు ధరను 7,260 రూపాయలుగా నిర్ణయించింది. అదే ఏడాది ఆగస్టులో మోకాలి కీళ్ల ఇంప్లాంట్ల ధరలకూ పరిమితి విధించింది. ఆసుపత్రులేవీ మూతపడలేదు. అయితే ఒకచోట తగ్గిన సొమ్మును మరొక పేరుతో రాబట్టుకోవడం ఎలాగో బిల్లు తయారుచేసేవారికి తెలుసు. ఒక వస్తువుకు పరిమితి పెట్టి మిగిలినదంతా వదిలివేస్తే జరిగేది అదే.

మా వద్దకు సలహా కోసం బిల్లులు తెచ్చే కుటుంబాలకు మేము మొదట మూడు విషయాలు చూపిస్తాము.

మొదటిది గది. పెద్ద ఆసుపత్రులలో గది తరగతి మారితే గది అద్దె ఒక్కటే మారదు. అదే ఆపరేషనుకు, అదే సర్జనుకు, అదే థియేటరుకు, అదే రక్తపరీక్షకు ధర మారుతుంది. జనరల్ వార్డు నిండిపోయిందని చెప్పి పై తరగతి గది ఇచ్చినప్పుడు కుటుంబం అద్దె తేడా మాత్రమే లెక్కవేసుకుంటుంది. మొత్తం బిల్లే వేరొక ధరల పట్టికలోకి జారిపోయిన సంగతి డిశ్చార్జి రోజున తెలుస్తుంది.

రెండవది ప్యాకేజీ. ఆపరేషను ప్యాకేజీ ఇంత అని చెప్పిన సొమ్ములో ఏవి ఉండవో ఎవరూ చెప్పరు. ఇంప్లాంటు, రక్తం, ఖరీదైన యాంటీబయాటిక్‌లు, నిర్ణీత రోజులు దాటిన ఐసీయూ, ఇతర విభాగాల వైద్యులు వచ్చి చూసిన ఫీజు చాలాచోట్ల ప్యాకేజీకి బయటే ఉంటాయి.

మూడవది బీమా. చెమటోడ్చి ప్రీమియం కట్టినవారు కూడా మోసపోయామని బాధపడటానికి కారణం చాలాసార్లు గది అద్దె నిబంధన. ఉదాహరణకు 5 లక్షల పాలసీలో రోజుకు 5,000 రూపాయల గదికే అర్హత ఉన్నదనుకుందాము. రోగిని 10,000 రూపాయల గదిలో చేర్చారు. అప్పుడు బీమా సంస్థ అద్దెలో సగమే ఇచ్చి ఊరుకోదు. ఆ గదితో ముడిపడిన సర్జన్ ఫీజు, థియేటరు ఖర్చు, నర్సింగ్ ఖర్చులలో కూడా సగమే చెల్లిస్తుంది. ఆ పద్దులు 2 లక్షలైతే లక్ష రూపాయలు కుటుంబంపై పడతాయి. మందులకు, ఇంప్లాంట్లకు ఈ కోత వర్తించదు. పాలసీ కాగితంలో ఈ ఒక్క వాక్యం చదివి ఆసుపత్రి మెట్లెక్కితే ఎందరో అప్పు నుండి తప్పించుకోగలుగుతారు.

వైద్యుడు ఏమైనాడు

ఈ సభలో వైద్యులు కూడా ఉన్నారు. వారిని దోషులుగా నిలబెట్టడం మా ఉద్దేశం కాదు. ప్రైవేటీకరణ రోగిని ఖాతాదారుగా మార్చినట్లే వైద్యుణ్ణి ఆదాయం తెచ్చే ఉద్యోగిగా మార్చింది. ఈ రెండు మార్పులూ ఒకే నాణేనికి రెండు ముఖాలు.

హైదరాబాదులో 1997లో కొందరు హృద్రోగ నిపుణులు కలిసి కేర్ ఆసుపత్రిని స్థాపించారు. ఇంతకుముందు చెప్పిన సోమరాజు గారు వారిలో ముఖ్యులు. వైద్యులు నిర్మించుకున్న ఆ సంస్థ యాజమాన్యం తర్వాతి కాలంలో ఒక పెట్టుబడి నిధి చేతినుండి మరొక నిధి చేతికి మారుతూ, 2023లో బ్లాక్‌స్టోన్ అనే అంతర్జాతీయ పెట్టుబడి సంస్థ అధీనంలోకి వెళ్లింది. ఇది ఒక్క సంస్థ కథ కాదు. దేశంలోని పెద్ద ఆసుపత్రుల గొలుసులు అనేకం నేడు షేరు మార్కెట్‌లోనో, పెట్టుబడి నిధుల చేతిలోనో ఉన్నాయి. ఈ సంస్థలు తమ వాటాదారులకు మూడు నెలలకొకసారి చెప్పుకునే ముఖ్యమైన అంకెలలో ఒకటి, నిండి ఉన్న ఒక్కొక్క పడక రోజుకు సగటున ఎంత ఆదాయం తెచ్చిందన్నది. ఆ అంకె పెరిగితే షేరు విలువ పెరుగుతుంది. ఆ పడకపై పడుకున్న మనిషి కోలుకున్నాడా అన్నది ఆ అంకెలో కనబడదు.

ఆ ఒత్తిడి పైనుండి క్రిందికి దిగి వైద్యుని గదిలోకి చేరుతుంది. ఎందరు ఓపీ రోగులను చూశారు, వారిలో ఎందరిని చేర్పించారు, ఎన్ని స్కానింగులు రాశారు అన్న లెక్కలు నెలాఖరున సమీక్షకు వస్తాయి. డాక్టర్ అరుణ్ గద్రే, డాక్టర్ అభయ్ శుక్లా దేశంలోని 78 మంది వైద్యులతో మాట్లాడి 2016లో వెలువరించిన గ్రంథంలో ఈ లక్ష్యాల గురించి, అనవసరమైన పరీక్షల గురించి, కమీషన్ల గురించి వైద్యులే నోరు విప్పారు. మనస్సాక్షి గల వైద్యుడు ఈ వ్యవస్థలో ఎంత ఒంటరివాడో ఆ సాక్ష్యాలు తెలుపుతున్నాయి. ఆపరేషను అక్కరలేదని చెప్పిన వైద్యునికి రోగి కృతజ్ఞుడై ఉంటాడు. యాజమాన్యం మాత్రం సంజాయిషీ అడుగుతుంది.

మరొక గొలుసు క్రింది నుండి పైకి వస్తుంది. పల్లెలోని ఆర్‌ఎంపీ వద్దకు, చిన్న పట్టణపు క్లినిక్ వద్దకు ఆసుపత్రి పీఆర్వోలు వెళ్తారు. పంపిన రోగిని బట్టి ఇంత అని ముట్టజెబుతారు. రోగులను పంపినందుకు కమీషన్ ఇవ్వడం, పుచ్చుకోవడం వైద్య వృత్తి నియమావళి 2002 ప్రకారం నిషిద్ధం. నిషేధం కాగితంపై ఉన్నది, కమీషన్ బిల్లులో ఉన్నది. ఆ సొమ్ము చివరికి చెల్లించేది రోగియే.

ఈ ధోరణి ఫలితం స్త్రీల దేహాలపై స్పష్టంగా కనబడుతున్నది. ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ప్రైవేటు ఆసుపత్రులలో జరిగిన ప్రసవాలలో 81.5 శాతం సిజేరియన్లే. ప్రభుత్వ ఆసుపత్రులలో అది 44.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటులో 63 శాతం, ప్రభుత్వంలో 26.6 శాతం. దేశవ్యాప్తంగా అన్ని ప్రసవాలలో సిజేరియన్లు 21.5 శాతమే. తెలుగు తల్లుల గర్భాలు మాత్రమే ఇంత కష్టమైనవా? ముహూర్తం చూసి ఆపరేషను కోరే కుటుంబాలు ఉన్నమాట నిజమే. తెలంగాణలో ప్రభుత్వ ఆసుపత్రుల శాతం కూడా ఎక్కువే. అయినా ప్రభుత్వానికి, ప్రైవేటుకు మధ్యనున్న ఈ అగాధాన్ని ముహూర్తాలు పూడ్చలేవు.

వైద్యుని చదువు ఖర్చునూ ఇక్కడే చెప్పుకోవాలి. కోటి రూపాయలు వెచ్చించి పట్టా పొందిన యువకుడు ఆ కోటిని ఎక్కడినుండి రాబట్టుకుంటాడు? ఆంధ్రప్రదేశ్‌లో 2023లో ప్రారంభించిన ఐదు ప్రభుత్వ వైద్య కళాశాలలలోనే రాష్ట్ర కోటా సీట్లలో సగాన్ని అమ్మకానికి పెట్టారు. సాధారణ సీటుకు ఏడాదికి 15,000 రూపాయలు. సెల్ఫ్ ఫైనాన్స్ సీటుకు 12 లక్షలు. ఎన్నారై సీటుకు 20 లక్షలు. ప్రభుత్వ కళాశాలలో కూడా సీటుకు ధర కట్టినప్పుడు, రేపటి వైద్యుడు రోగికి ధర కట్టడంలో ఆశ్చర్యమేమున్నది?

మన సమాజంపైనే భారం ఎక్కువ ఎందుకు

పేదలందరిపైనా ఈ భారం ఉన్నది. అందులో మన వాటా ఎందుకు పెద్దది అన్నదానికి కారణాలు సూటిగానే ఉన్నాయి.

మనలో అత్యధికులు సొంత చేతిపనులపై, చిల్లర వ్యాపారాలపై ఆధారపడినవారు. జస్టిస్ సచార్ కమిటీ 2006లోనే ఈ సంగతి చెప్పింది. ముస్లిములు ఎక్కువగా నివసించే గ్రామాలలో వైద్య సదుపాయాల కొరతనూ ఎత్తిచూపింది. పది మంది పనివారున్న సంస్థలో నెలకు 21,000 రూపాయల లోపు జీతగాడికి ఈఎస్ఐ ఉన్నది. పంక్చరు అతికేవానికి, పండ్ల బండివానికి, గాజులు చేసే ఇల్లాలికి ఈఎస్ఐ లేదు. జబ్బు పడితే వారికి రెండు నష్టాలు. ఒకటి బిల్లు, రెండవది ఆగిపోయిన రోజుకూలి.

మన విశ్వాసంలో వడ్డీ నిషిద్ధం. కాని అర్ధరాత్రి ఐసీయూ కౌంటరు వద్ద రెండు లక్షలు కట్టమన్నప్పుడు ఖర్జె హసనా ఇచ్చే చేయి దొరకదు. బంగారం తాకట్టుకు పోతుంది, లేదా వారం వడ్డీకి సంతకం పడుతుంది. వైద్యపు అప్పు మన కుటుంబాలను ధర్మసంకటంలోకి కూడా నెడుతున్నది. ఆ పాపభారం నిస్సహాయునిపై వేయడానికి ముందు, అతనిని అక్కడికి నెట్టిన వ్యవస్థను ప్రశ్నించాలి.

మూడవది ప్రాతినిధ్యం. బీసీ-ఇ వర్గానికి లభించిన 4 శాతం రిజర్వేషన్ వల్ల మన ముహల్లాల నుండి డాక్టర్లు వచ్చారు. వారి తల్లిదండ్రులు కూలీలు, దర్జీలు. ఈ రిజర్వేషన్ కన్వీనర్ కోటా సీట్లకే వర్తిస్తుంది. అమ్మకపు సీట్లకు వర్తించదు. సగం సీట్లు అమ్మకానికి పోయిన చోట మన 4 శాతం మొత్తం సీట్ల మీద 2 శాతానికి దిగిపోతుంది. పీపీపీ అనే మూడు అక్షరాలలో ఇది కూడా దాగి ఉండవచ్చు. రిజర్వేషన్ కోసం న్యాయస్థానాలలో పోరాడిన మనము ఈ దొడ్డిదారి కోతను చూడకుండా ఉండరాదు.

ఆరోగ్యశ్రీ: మేలు ఎంత, మెలిక ఎక్కడ

2007 ఏప్రిల్‌లో నాటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఆరోగ్యశ్రీని మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో మొదలుపెట్టింది. తెల్లకార్డు కుటుంబంలోని బిడ్డకు గుండె ఆపరేషను ఉచితంగా జరగడం అంతకుముందు ఊహకందని విషయం. ఎన్నో ప్రాణాలు నిలిచాయి. ఈ మేలును తక్కువ చేయము. నేడు తెలంగాణలో దాని పరిమితి 10 లక్షలకు పెరిగింది.

మెలిక ఏమిటంటే, ఆ నిధులలో పెద్ద భాగం ప్రైవేటు ఆసుపత్రులకే చేరింది. అదే ధనంతో జిల్లా ఆసుపత్రిలో క్యాథ్‌ల్యాబ్ పెట్టి ఉంటే అది శాశ్వతంగా ప్రజల ఆస్తిగా మిగిలేది. పథకం ఆసుపత్రిలో చేరి చేయించుకునే పెద్ద చికిత్సలకు దారి చూపింది. నెలనెలా వాడే బీపీ మాత్రలు, షుగరు పరీక్షలు, జ్వరానికి ఓపీ ఖర్చు కుటుంబం నెత్తినే ఉన్నాయి. రెండు రాష్ట్రాలలోనూ బకాయిలు చెల్లించలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు నిలిపివేయడం మనము చూశాము. ప్రభుత్వానికి, ఆసుపత్రికి మధ్యనున్న తగాదాలో గేటు బయట నిలబడేది రోగి.

ముఖ్యమంత్రి సహాయనిధి సంగతీ అంతే. బిల్లు మనము కట్టి, ఎమ్మెల్యే కార్యాలయం చుట్టూ తిరిగి, నెలల తర్వాత కొంత చెక్కు రూపంలో పొందుతాము. ఆ నిధినీ కాజేయడానికి నకిలీ బిల్లులు సృష్టించారని 2024లో తెలంగాణ సీఐడీ కొన్ని ఆసుపత్రులపై కేసులు నమోదు చేసింది. పేదవాని పేరుతో దొంగబిల్లు చెల్లుతుంది, పేదవాని నిజమైన బిల్లు మాత్రం ఫైలులో మూలుగుతుంది.

చట్టంలో మనకున్నది

నిస్సహాయత కొంతవరకు తెలియకపోవడం వల్ల కూడా వస్తుంది. కనుక ఈ క్రింది విషయాలను ప్రతి ముహల్లాకు చేర్చవలసినదిగా కోరుతున్నాము.

ప్రాణాపాయంలో ఉన్నవానికి ముందుగా చికిత్స చేయడం ప్రతి వైద్యుని బాధ్యత అని సుప్రీంకోర్టు 1989లో పరమానంద్ కటారా కేసులో తేల్చింది. పోలీసు కాగితాలు తర్వాత.

కేంద్ర క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం 2010లో వచ్చింది. దాని 2012 నిబంధనల ప్రకారం ఆసుపత్రి తన ధరలను స్థానిక భాషలోను, ఇంగ్లీషులోను అందరికీ కనబడేచోట ప్రదర్శించాలి. తెలంగాణ ఈ చట్టాన్ని స్వీకరించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి రాష్ట్ర చట్టం అమలులో ఉన్నది. ధరల పట్టిక తెలుగులో, ఉర్దూలో ఎక్కడ ఉన్నదని అడగండి.

జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో రోగుల హక్కుల పత్రాన్ని రూపొందించింది. కేంద్ర ఆరోగ్యశాఖ 2019లో దానిని రాష్ట్రాలకు పంపింది. దాని ప్రకారం బిల్లు తగాదా పేరుతో రోగిని గాని, మృతదేహాన్ని గాని నిర్బంధించరాదు. మనకు ఇది మరింత ముఖ్యం. జనాజాను ఆలస్యం చేయరాదన్నది మన ధర్మం. మృతదేహాన్ని బిల్లుకు తాకట్టుగా పట్టుకోవడం మన దుఃఖాన్నీ, మన విశ్వాసాన్నీ అవమానించడమే. మందులు, పరీక్షలు ఆసుపత్రి చెప్పినచోటనే చేయించాలన్న నిర్బంధం కూడా ఉండరాదని ఆ పత్రం చెబుతున్నది. కేసు రికార్డుల నకళ్లు కోరితే 72 గంటలలోపు ఇవ్వాలని వైద్య వృత్తి నియమావళి నిర్దేశిస్తున్నది.

వైద్య సేవ వినియోగదారుల చట్టం పరిధిలోనిదని 1995లోనే సుప్రీంకోర్టు ప్రకటించింది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల రూపాయల లోపు చెల్లింపులకు సంబంధించిన ఫిర్యాదుకు రుసుము లేదు. రెండు సంవత్సరాల గడువులోగా దాఖలు చేయాలి. ఇందుకోసం విడివిడిగా పద్దులు రాసిన బిల్లు, రసీదులు, డిశ్చార్జి పత్రం భద్రపరచుకోవాలి. ఆరోగ్యశ్రీ ఉన్న ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర ఎక్కడున్నారో మొదట వెతకాలి. పథకం వర్తించే చికిత్సకు అదనంగా సొమ్ము అడిగితే 104కు ఫిర్యాదు చేయాలి.

ప్రభుత్వం తలచుకుంటే ధర నిర్ణయించగలదని కోవిడ్ కాలం రుజువు చేసింది. 2020 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు ఆసుపత్రులలో కోవిడ్ చికిత్సకు రోజుకు సాధారణ వార్డుకు 4,000, ఐసీయూకు 7,500, వెంటిలేటరుతో 9,000 రూపాయలుగా పరిమితి విధించింది. ఉల్లంఘించిన కొన్ని ఆసుపత్రులకు కోవిడ్ చికిత్స అనుమతి రద్దు చేసింది. ఉల్లంఘనలు ఎన్నో జరిగినప్పటికీ, పట్టిక ఉన్నందువల్లనే ఫిర్యాదుకు ఆధారం దొరికింది. మహమ్మారి వేళ సాధ్యమైనది మామూలు రోజులలో ఎందుకు అసాధ్యం?

మన కోరికలు, మన కర్తవ్యాలు

ప్రభుత్వాలను మేము కోరుతున్నవి ఇవి. ప్రజాధనంతో తలపెట్టిన వైద్య కళాశాలలను, ఆసుపత్రులను ప్రభుత్వమే నడపాలి. ఏ కారణం చేతనైనా పీపీపీ అమలైనచోట ఒప్పంద పత్రాలను తెలుగులో బహిరంగపరచాలి. సీట్లన్నింటిలో రిజర్వేషన్, పడకలలో ఉచిత వాటా ఎంతో అందులో స్పష్టంగా రాయాలి. ముఖ్యమైన చికిత్సలకు ప్రామాణిక ధరలు ప్రకటించాలి. ఈ విషయంలో జాప్యాన్ని సుప్రీంకోర్టు 2024లో తీవ్రంగా ప్రశ్నించిన సంగతి గుర్తుచేస్తున్నాము. రాజస్థాన్ 2023లో ఆరోగ్య హక్కు చట్టం చేసింది. తెలుగు రాష్ట్రాలు ఆ బాటలో నడవాలి. జాతీయ ఆరోగ్య విధానం 2017 ప్రకారం ప్రభుత్వ ఆరోగ్య వ్యయం 2025 నాటికి స్థూల దేశీయోత్పత్తిలో 2.5 శాతానికి చేరవలసి ఉండినది. ఆ మాట నిలబెట్టుకోవాలి.

ప్రభుత్వాన్ని అడిగే నోటితోనే మన సంస్థలనూ అడగాలి. మైనారిటీ హోదాతో అనుమతులు పొందిన వైద్య కళాశాలలు పేద ముస్లిం విద్యార్థికి ఎన్ని సీట్లు అందుబాటు రుసుముకు ఇస్తున్నాయి? వక్ఫ్ చేసిన పూర్వులు ఆస్తులను వదిలివెళ్లినది దుకాణ సముదాయాలకేనా? ఇస్లామీ నాగరికతలో బీమారిస్తాన్‌లు వక్ఫ్ ఆదాయంతోనే నడిచాయి. ప్రతి పెద్ద పట్టణంలో ఒక డయాలసిస్ కేంద్రం, ఒక పరీక్షల కేంద్రం, ఒక జనరిక్ మందుల దుకాణం వక్ఫ్ స్థలంలో నడపడం మన శక్తికి మించిన పని కాదు. అవి మతభేదం లేకుండా అందరికీ తెరచి ఉండాలి.

జకాత్ సొమ్ముతో ఒక్కొక్క బిల్లు కట్టడం పుణ్యకార్యమే. అయితే పెంచి వేసిన బిల్లును ప్రశ్నించకుండా కట్టినప్పుడు, పేదవాని హక్కు అయిన ఆ సొమ్ములో కొంత ఆసుపత్రి లాభంలో కలిసిపోతున్నది. కనుక సహాయం చేసే ప్రతి కమిటీ మొదట పద్దులవారీ బిల్లు అడగాలి, పథకం వర్తిస్తుందో లేదో చూడాలి, ఆ తర్వాతనే చెల్లించాలి. ప్రతి మసీదు కమిటీలో ఇద్దరు చదువుకున్న యువతీ యువకులు ఈ పని నేర్చుకుంటే చాలు. రోగిని పరామర్శించడం మనకు ఇబాదత్. పరామర్శకు వెళ్లినవారు పండ్లతో పాటు ఆ పాలసీ కాగితాన్ని, ఆ బిల్లును కూడా ఒకసారి చదివి రావాలి.

వైద్య మిత్రులకు చివరిగా ఒక మనవి. లక్ష్యాల ఒత్తిడికి తలవంచని వైద్యునికి అండగా సమాజం నిలబడుతుంది. కోపంతో ఆసుపత్రి అద్దాలు పగులగొట్టడం, డ్యూటీలో ఉన్న జూనియర్ డాక్టరుపై చేయి చేసుకోవడం న్యాయం కాదు. బిల్లు వేసినవాడు అక్కడ లేడు. మీరు, మేము ఒకే పక్షాన నిలిస్తేనే ఈ వ్యవస్థ మారుతుంది. ప్రభుత్వ ఆసుపత్రి బలంగా ఉన్నప్పుడే ప్రైవేటు ఆసుపత్రి న్యాయంగా ఉంటుంది. కనుక ఉస్మానియా కోసం, ఆదోని కోసం, మీ మీ ఊళ్లలోని ఏరియా ఆసుపత్రి కోసం మాట్లాడటం కూడా మైనారిటీ హక్కుల పోరాటమేనని ఈ సభ తీర్మానించాలని కోరుతూ, రోగులందరికీ ఆ అల్లాహ్ స్వస్థత ప్రసాదించుగాక అని ప్రార్థిస్తూ సెలవు తీసుకుంటున్నాము.